సీసం గుండు, తుమ్మ చెక్క

ఇంగ్లీషు చెప్పేవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది. ఏదైనా మాట కనబడితే చాలు, దాని తాతముత్తాతల దాకా తవ్వాలనిపిస్తుంది. నాకు ఆ జబ్బు కొంచెం ముదిరింది. మిర్యాలగూడలో ఇంటర్ పిల్లలకు ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను. సిలబస్ వెనకబడిందని ప్రతి ఏడాదీ మాట పడతాను, అయినా మానను.

రెండేళ్ళ కింద ఒక చలికాలం పొద్దున పేపరు ముక్క పట్టుకుని క్లాసులోకి వెళ్ళాను. ఉష్ణోగ్రతలు ఒక్కసారిగా పడిపోయాయని చెప్పే వార్త అది. అందులో 'ప్లమెట్' అన్న మాట ఉంది. పిల్లలు అర్థం రాసుకున్నారు: ఉన్నట్టుండి కిందికి పడిపోవడం. రాసుకుని పెన్నులు మూసేశారు. నాకు ఒళ్ళు మండింది. పడిపోవడానికి ఇంగ్లీషులో బోలెడన్ని మాటలు ఉన్నాయి, ఇదే ఎందుకు అని ఒక్కరికైనా అనుమానం రావద్దా?

వాళ్ళు అడగకపోయినా నేను చెప్పాను. లాటిన్‌లో సీసాన్ని ప్లంబమ్ అంటారు. ఫ్రెంచి వాళ్ళు చిన్న సీసపు ముద్దకు దాని నుంచే ఒక పేరు పెట్టుకున్నారు. ఆ పేరు ఇంగ్లీషులోకి వచ్చి ప్లమెట్ అయింది. అంటే మొదట అది వస్తువు పేరు. దారానికి కట్టిన సీసం గుండు. సముద్రం లోతు చూడటానికి ఓడవాళ్ళు వదిలేదీ, గోడ నిలువు చూడటానికి మేస్త్రీలు వదిలేదీ అదే. వేగంగా పడిపోవడం అన్న ఇప్పటి అర్థం చాలా తర్వాత వచ్చింది. నీళ్ళ పైపులు బాగుచేసే ప్లంబరుకు ఆ పేరు రావడానికీ సీసమే కారణం, ఒకప్పుడు పైపులు సీసంవి కాబట్టి. దభీమని దూకడాన్ని ప్లంజ్ అంటామే, అదీ ఈ ఇంటి బిడ్డే. ఇంకొకటి ఉంది, అప్లాంబ్. ఎంత కష్టమొచ్చినా తొణకని నిబ్బరం అని అర్థం. గుండు దారం లాగా నిటారుగా నిలబడినవాడి గుణం అది.

ఇంత చెప్పినా పిల్లల మొహాల్లో వెలుగు లేదు. గుండంటే ఏమిటో చూసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. అప్పుడు నోరు జారాను. "రేపు తెచ్చి చూపిస్తాను. మా ఇంట్లో ఉంది" అన్నాను.

మా నాయిన మేస్త్రీ. పుట్టింది నడిగూడెం. సూర్యాపేటలో, కోదాడలో ఆయన కట్టిన ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. బస్సులో పోతూ నేను లెక్కపెట్టుకునేదాన్ని. అమ్మ పోయినప్పటి నుంచి కోదాడలో మా కిరాయి ఇంట్లోనే ఉంటున్నాడు. డెబ్బై దాటాయి. పని మానేసి నాలుగేళ్ళయినా తాపీ, గుండు సంచిలో పెట్టి మంచం కిందే ఉంచుకున్నాడు.

అందరూ బజారులో ఇనుప గుండ్లు కొనుక్కుంటే ఆయనది సీసం గుండు. పడుచుతనంలో తానే సీసం కరిగించి, వెదురు గొట్టంలో పోసి, ఆకురాయితో నున్నగా చేసుకున్నాడు. దారం ఒక చిన్న తుమ్మ చెక్క మధ్యలో నుంచి వెళుతుంది. చెక్కను గోడ పైఅంచుకు ఆనించి పట్టుకుని గుండు వదులుతారు. అది జర్రున జారి, ఊగి, నిలుస్తుంది. గోడ నిలువుగా ఉంటే కింద గుండు గోడను తాకీ తాకనట్టు నిలబడుతుంది. చిన్నప్పటి నుంచి చూసినదే. సెలవుల్లో ఆయన దగ్గర ఇటుకలు మోసినదాన్ని, నాకు తెలియనిదేముంది అనుకునేదాన్ని.

ఆ సాయంత్రం అడిగితే నాయిన సంచి విప్పి, గుండును తుండుగుడ్డతో తుడిచి ఇచ్చాడు. ఇస్తూ ఒకటే మాట చెప్పాడు. "దారం ఇప్పకు బిడ్డా."

"ఎందుకిప్పుత నాయినా? సూపిచ్చి తెస్త."

"ఇంగ్లీషుల ఏమంటరు దీన్ని?"

చెప్పాను. ఇప్పుడు దానికి పడిపోవడం అని అర్థం వచ్చిందని కూడా చెప్పాను. నాయినకు అది నచ్చలేదు.

"పడుడు దాని పని కాదే. ఆగుడు దాని పని. ఊగే గుండును సూసి ఇటుక పెట్టేటోడు మేస్త్రీ కాదు."

నేను నవ్వి, ఈ మాట కూడా క్లాసులో చెబుతానన్నాను.

చెప్పాను కూడా. ఆ రోజు పాఠం బ్రహ్మాండంగా జరిగింది. గుండు చేతిలో పెట్టగానే పిల్లలు ఇంత బరువా అని నోళ్ళు తెరిచారు. వెనక బెంచీల వాళ్ళు తమకూ కావాలన్నారు. దారం చుట్టుకుని చిక్కు పడుతోంది. ఒక్క నిమిషం కదా అని ముడి విప్పి, గుండు ఒక వైపు, చెక్క ఒక వైపు పంపించాను. గంట కొట్టాక రెండూ తిరిగొచ్చాయి. గుండును చీరల కవరులో చుట్టి హ్యాండ్‌బ్యాగ్ అడుగున పెట్టాను. చెక్కను పక్క జేబులో వేశాను. కోదాడ బస్సులో గరిడేపల్లి దాటే దాకా టికెట్టు కోసం, ఫోను కోసం, కళ్ళజోడు కోసం ఆ జేబును ఎన్నిసార్లు కెలికానో నాకే తెలియదు. ఇంటికొచ్చి చూస్తే చెక్క లేదు.

తెల్లారి కాలేజీ అంతా వెతికాను. ఆ బస్సు కండక్టరును పట్టుకుని అడిగాను. "ఏం చెక్క మేడం?" అన్నాడాయన, నా మొహంలోకి వింతగా చూస్తూ. అగ్గిపెట్టెలో సగం ఉండే చెక్క కోసం ఎవరైనా ఇంత పరేషాన్ అవుతారా అని ఆయన అనుమానం.

అప్పుడే నాయినకు చెప్పేస్తే సరిపోయేది. కానీ ఒకే ఒక్క మాట చెప్పాడు, దారం విప్పొద్దని. ఆ ఒక్కటే నేను చేశాను. యాభై ఏళ్ళకు దగ్గరపడ్డ లెక్చరర్ని, చిన్నపిల్ల లాగా తప్పు ఒప్పుకోవడానికి నామోషీ అడ్డొచ్చింది. పిల్లలు ఇంకో రెండు రోజులు చూస్తామన్నారని అబద్ధం చెప్పి, కోదాడలో మా వీధి చివర వడ్రంగి దగ్గరికి వెళ్ళాను.

"ఎంత లావుండాలండీ?" అన్నాడు. ఆయనది అవతలి జగ్గయ్యపేట వైపు.

బొటనవేలు, చూపుడువేలు ఎడంగా పెట్టి చూపించాను. "ఇంత."

"గుండు తెచ్చుంటే పక్కన పెట్టి చూసుకునేవాళ్ళం కదండీ."

"అక్కర్లేదండీ. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే" అన్నాను, దర్జాగా.

అంత మంచి మాట చెప్పిన మనిషి ముందు అంత తెలివితక్కువ జవాబు చెప్పినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. ఆయన తుమ్మ ముక్కే వెతికి చేసిచ్చాడు. నేను దానికి కొబ్బరి నూనె, కాస్త మసి పట్టించి పాతదానిలా చేశాను. దారం ఎక్కించి ముడి వేశాను. నాయిన చేతిలో పెడితే చెక్కను ఒకసారి బొటనవేలితో నిమిరాడు. తర్వాత సంచిలో పెట్టుకున్నాడు. హమ్మయ్య అనుకున్నాను.

ఆ ఎండాకాలంలోనే మా సొంత ఇంటి పని మొదలైంది. కిరాయి ఇంటికి నాలుగు వీధుల అవతల ప్లాటు. కట్టించేది మా అన్న. సూర్యాపేటలో కాంట్రాక్టు పనులు చేస్తాడు, తన దగ్గర గోడ వెంబడి ఎర్ర గీత వేసి నిలువు చూపించే లేజరు మిషన్లూ అవీ ఉన్నాయి. నాయిన రోజూ కుర్చీ వేసుకుని కూర్చుని పని చూసేవాడు. గోడలు లేస్తున్న కొద్దీ ఆయన కాళ్ళు ఆగలేదు.

"ముందర అర్ర గోడ ఒక్కటి నాకిడువుండ్రి రా" అన్నాడు ఒకరోజు. "బిడ్డ పుస్తకాలు పెట్టుకునే అర్ర. అది నేను కడత."

అన్న నా వైపు చూశాడు. గది నాదే కాబట్టి నేను సరే అన్నట్టు తలూపాను. నాయిన మొహం అంత వెలిగిపోవడం అమ్మ పోయాక నేను చూడలేదు.

మూడు రోజులు కట్టాడు, రోజుకు మూడు అడుగుల ఎత్తు. అంతకు మించితే పచ్చి గోడ ఆగదంటాడు. కాలేజీకి సెలవులు కాబట్టి ఇటుకలు అందించింది నేనే. ఏ రోజు కట్టిన మూడడుగులకు ఆ రోజే గుండు పట్టేవాడు. కింది భాగం నిన్ననే చూశాం కదా, పైగా అది పరంజా బల్లల వెనక్కి పోయేది. అంతా అయ్యాక ఒకసారి పై నుంచి కింది దాకా పట్టి చూడటం ఆయన పద్ధతి. గుండు ఊగి ఆగేదాకా ఊపిరి కూడా బిగబట్టేవాడు. ఆగి, గోడను తాకితే, "ఆఁ" అని తలాడించేవాడు. ఆ మూడు రోజులూ నేను ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను.

మూడో రోజు సాయంత్రం పరంజా విప్పుతుండగా అన్న వచ్చాడు. అలవాటు కొద్దీ మిషన్ పెట్టి ఎర్ర గీత వేశాడు. గీత కింద గోడను ఆనుకుని, పైకి పోయిన కొద్దీ గోడకు ఎడమైంది. పైన అరంగుళానికి కాస్త తక్కువ. గోడ బయటికి వాలింది.

అన్న మిషన్ ఆపేసి ఏమెరగనట్టు జేబులో పెట్టుకోబోయాడు. నాయిన అప్పటికే చూశాడు. నిచ్చెన ఎక్కి, పై నుంచి కింది దాకా గుండు వదిలాడు. కిందికి పోయిన కొద్దీ గోడ అడ్డొచ్చింది. కింద గుండు వేలాడకుండా గోడకు ఒరుసుకుపోతోంది. నాయిన దిగి, దారాన్ని నిదానంగా చుట్టుకున్నాడు.

"ప్లాస్టరింగుల కలిసిపోతది నాయినా" అన్నాడు అన్న. "గింతది ఎవలకు కనవడది?"

"నాకు కనవడ్డది గద రా."

అంతే. కోప్పడలేదు. ఇంటికొచ్చాక మాత్రం నాతో, "సూపు ఖతమయింది బిడ్డా. చెయ్యి గూడ" అన్నాడు.

తర్వాతి నెల రోజులు గుర్తు చేసుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టం ఉండదు. పని దగ్గరికి రావడం మానేశాడు. తాపీని అన్న దగ్గర పనిచేసే మేస్త్రీకి ఇచ్చేశాడు. కళ్ళ దవాఖానకు తీసుకెళితే శుక్లం కొంచెం ఉంది, ఈ వయసుకు చూపు బాగానే ఉందన్నారు. నాయిన నమ్మలేదు. గోడ చెప్పినాక డాక్టరు చెప్పేదేంది అన్నాడు. గడ్డం తానే గీసుకునేవాడు, మానేసి మంగలి షాపుకు పోసాగాడు. రోడ్డు దాటాలంటే ఎవరైనా తోడు వచ్చేదాకా నిలబడేవాడు. చాయ్ ఇస్తే గ్లాసును రెండు చేతులతో పట్టుకుని తాగేవాడు. అన్నిటికన్నా అదే నా ప్రాణం తీసింది. నలభై ఏళ్ళు రెండంతస్తుల ఎత్తున ఒక కాలు బల్ల మీద, ఒక కాలు గోడ మీద పెట్టి నిలబడ్డ మనిషి, చాయ్ గ్లాసు పడిపోతుందని భయపడుతున్నాడు.

కాలేజీ తెరిచాక కొత్త పిల్లలకూ ఆ ప్లమెట్ పాఠం చెప్పాలనుకున్నాను. గుండు అడగాలంటే నాకు నోరు రాలేదు. ఆయనే తెచ్చిచ్చాడు. "తీస్కపో. నీ తాననే పెట్టుకో. నాకిగ ఏం పని" అన్నాడు.

క్లాసులో ఈసారి దారం విప్పలేదు. వాడి చూపిద్దామని బల్ల ఎక్కి, గోడకు చెక్క ఆనించి గుండు వదిలాను. ఊగింది, ఆగింది. గోడను తాకలేదు. మధ్యలో గోరు పట్టేంత సందు. చూశారా, మన కాలేజీ గోడ కూడా వంకరే అన్నాను. పిల్లలు నవ్వారు. పక్క గోడకు పట్టాను. అంతే సందు. తలుపు చట్రానికి పట్టాను. మళ్ళీ అంతే.

అన్ని గోడలూ ఒక్కటే కొలతలో వంకర పోవు కదా.

బల్ల దిగి, కుర్చీలో కూర్చుని, గుండునూ చెక్కనూ పక్కపక్కన పెట్టి చూశాను. గుండు కన్నా చెక్క లావుగా ఉంది. దారం నడిమి నుంచి రెండు పక్కలా ఒక నూలు చొప్పున, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు చొప్పున ఎక్కువ. చెక్క లావైతే దారం గోడకు దూరం జరుగుతుంది. గుండు తాకాలంటే గోడ వాలాలి. మూడడుగులకు ఒక నూలు. తొమ్మిది అడుగులకు మూడు. చెక్క, గుండు ఒకే లావు ఉంటేనే ఆ పనిముట్టుకు అర్థం. సీసానికి లాటిన్‌లో ఏమంటారో తెలిసిన నాకు, ఇంట్లో ఉన్న గుండుకు చెక్క ఎంత ఉండాలో తెలియదు. తల కొట్టేసినట్టయింది. మిగిలిన పాఠం ఏం చెప్పానో నాకు గుర్తు లేదు.

బస్సులో దారి పొడుగునా నా మనసు దొంగ లెక్కలే వేసింది. ఇంకో చెక్క సరైన కొలతకు చేయించి పెట్టేస్తే ఎవరికీ తెలియదు. వారంలో ప్లాస్టరింగ్ మొదలవుతుంది, గోడ వంకా కప్పుకుపోతుంది. నాయినతో ఇంకోసారి ప్రయత్నించు అంటే చాలదా? చాలదు. ఆయన తాపీయే ఇచ్చేశాడు. తన చెయ్యి మంచిదేనని ఆయన నమ్మాలంటే తప్పు ఎవరిదో ఆయనకు తెలియాలి. అది నా నోటి నుంచే రావాలి.

ఇంటికి వెళ్ళేసరికి నాయిన వాకిట్లో కుర్చీలో కూర్చున్నాడు. బ్యాగ్ కూడా దించకుండా ఆయన ముందు కింద కూర్చుని గుండు, చెక్క ఆయన చేతిలో పెట్టాను. దారం విప్పడం దగ్గర నుంచి వడ్రంగి దగ్గర వేళ్ళు చూపించడం దాకా ఏదీ దాచకుండా చెప్పాను. 

నాయిన గుండునూ చెక్కనూ ఆనించి పట్టుకుని, ఒకదాని మీద నుంచి ఒకదాని మీదికి బొటనవేలు జరిపాడు. మెట్టు దగ్గర వేలు ఆగింది. మళ్ళీ జరిపాడు. మళ్ళీ ఆగింది.

"చెక్క మారిందని చేతికి ఇచ్చిననాడే ఎరుక" అన్నాడు.

"మరి ఎందుకు అడగలే నాయినా?"

"నువ్వే చెప్తవనుకున్న." చెక్కను మళ్ళీ గుండుకు ఆనించాడు. "కొత్త చెక్క వస్తే ముందుగాల గుండుకు ఆనిచ్చి సూసుకోవాలె. ఎవలిచ్చినా సూసుకోవాలె. నువ్విచ్చినవని సూడలే. సదువుకున్న బిడ్డ, కొలువకుంట చేపిస్తదా అనుకున్న."

ఆయన తిడితే తట్టుకునేదాన్ని. ఈ మాటకు మాత్రం ఏడుపు ఆగలేదు. నాయిన నా తల మీద చెయ్యి వేయలేదు, ఊరుకోమని అనలేదు. ఆయన కళ్ళు ఆ చెక్క మీదే ఉన్నాయి. కాసేపటికి, "మీ అన్నకు ఫోన్ కలుపు" అన్నాడు.

కలిపి ఇచ్చాను. "రేపు ముందర అర్ర గోడ ఇప్పుండ్రి" అన్నాడు గట్టిగా. నెల రోజుల తర్వాత విన్నాను ఆ గొంతు. "ఆఁ, ఇప్పుడే. ప్లాస్టరింగు లేదు గీస్టరింగు లేదు. చెక్కల తేడా వచ్చింది. నేనే సూసుకోలే. నా తాపీ వాపసు తీస్కరా."

ఫోను లాక్కుని, "నేనే పోగొట్టిన అన్నా, నాయినది ఏం తప్పు లేదు" అన్నాను. అన్న అవతల ఏదో అన్నాడు, నాకు వినబడలేదు. నాయిన అప్పటికే అరుగు మీద కూర్చుని చెక్కను రాతికి అరగదీస్తున్నాడు. నాలుగు రుద్దులు, ఒకసారి గుండుకు ఆనించడం. మళ్ళీ నాలుగు రుద్దులు. చీకటి పడకముందే నన్ను పిలిచి, "సూడు" అన్నాడు. బొటనవేలు జరిపాను. చెక్క ఎక్కడ అయిపోయి గుండు ఎక్కడ మొదలైందో వేలికి తెలియలేదు.

గోడ విప్పారు. నాయిన మళ్ళీ మూడు రోజులు కట్టాడు. ఆఖరి రోజు పరంజా తీసేశాక, అన్న మిషన్ పట్టుకుని నిలబడితే నాయిన ఆగమని చెయ్యి చూపించాడు. నన్ను నిచ్చెన ఎక్కమన్నాడు.

"ఈసారి చెక్క నువ్వు పట్టు."

గోడ పైఅంచుకు చెక్క ఆనించి గుండు వదిలాను. జర్రున కిందికి జారింది. పెద్దగా ఊగింది, తర్వాత చిన్నగా. నాయిన కింద గొంతుక్కూర్చున్నాడు.

"ఆగిందా?" అన్నాను పై నుంచి.

"ఆగనియ్యి."

చెక్కను కదలకుండా పట్టుకోవడం ఎంత కష్టమో, ఆయన నలభై ఏళ్ళు ఎలా పట్టుకున్నాడో మొదటిసారి తెలిసింది. చాలాసేపటికి కింద నుంచి వినిపించింది. "ఆఁ."

తర్వాత అన్న ఎర్ర గీత వేశాడు. అది గోడను పట్టుకుని పైదాకా పోయింది. నాయిన అటు చూడనే లేదు. కాళ్ళు కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చుని చాయ్ అడిగాడు. ఫ్లాస్కులో నుంచి పోసి, వేడిగా ఉంది, రెండు చేతులతో పట్టుకో అన్నట్టు గ్లాసు ముందుకు పెట్టాను. ఆయన ఒంటి చేత్తో అందుకుని, గోడను చూస్తూ తాగాడు.